ఫోటోలో వచ్చిన నీళ్లు

మొన్న నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. నేను పనిచేసి రిటైరైన శాఖలోనే ఈమధ్య చేరిన ఒక ఇంజనీరు పంపాడు. ఇంటి ముందు నల్లా, నల్లా కింద స్టీలు బిందె, బిందె పక్కన కొంగు నెత్తిన కప్పుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి. కింద "సార్, హండ్రెడ్ పర్సెంట్ అయిపోయింది" అని రాసి, దండం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టాడు. శభాష్ అంటానని అనుకున్నాడు పాపం.

వెంటనే ఫోన్ చేశాను. "రేపు పొద్దుగాల మళ్ల పో. ఫోను జేబులకెల్లి తియ్యకు. ఉత్త చేతులతోటి పోయి ఆ నల్లా తిప్పు. వారం దినాలకు ఇంకోపారి పో, చెప్పకుంట పో. అప్పుడు నాకు చెప్పు, ఎంత పర్సెంటో" అన్నాను. "ఏమైంది సార్, మస్తు కోపంల ఉన్నట్టున్నరు" అన్నాడు మెల్లగా.

ఉన్నాను నాయనా. నువ్వు రిటైరయ్యావు గానీ నీ కోపం రిటైర్ కాలేదని మా ఇంట్లో వాళ్లు రోజూ అంటూనే ఉంటారు. అది నీ మీద కోపం కాదు. ఇలాంటి ఫోటోలు పదకొండు నేనూ తీశాను. ఆ పదకొండింటి కథ ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. కొత్తగా కొలువులో చేరినవాళ్లు మీరంతా వినండి. నన్ను మెచ్చుకోవడానికి ఇందులో ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

నాది చొప్పదండి దగ్గర పల్లె. మా దిక్కు పొలాలన్నీ చదును. గట్టు మీద నిలబడితే పక్క ఊరి బడి గంట కూడా కనిపిస్తుంది. అలాంటి చోట పెరిగినవాడికి ఎత్తు అంటే చెరువు కట్టే. చదువూ పల్లం నేల మీదే, మొదటి కొలువులూ పల్లం నేల మీదే. అక్కడ నుంచి నన్ను జైనూర్ దిక్కు గుట్టల్లోకి వేశారు. ఇంటింటికీ నల్లా పెట్టే పని. మరుగుదొడ్ల పనీ దాంతోపాటే.

అక్కడ నాకు అప్పగించిన ఒక గూడెంలో రెండు గుంపులు. రోడ్డు పక్కన గోండుల ఇళ్లు, పటేల్ ఇల్లు, బడి. గుట్ట మీద కొలాం వాళ్లవి పదకొండు ఇళ్లు. వాళ్లది పై గుంపు. నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తు కట్టాలో తేల్చడానికి ముందు లెవెల్స్ తీయాలి. అంటే ఏ ఇల్లు ఎంత ఎత్తున ఉందో కొలిచి పుస్తకంలో రాయాలి. ట్యాంకు కన్నా ఎత్తున ఉన్న ఇంటికి నీళ్లు వాటంతట అవి ఎక్కవు. ఇది తెలియడానికి ఇంజనీరే కానక్కర్లేదు, కల్లు ముంత వంచిన ఎవడికైనా తెలుసు.

నేను వెళ్లిన రోజు ముసురు. బాట జారుడు. రోడ్డు నుంచి పటేల్ ఇంటిదాకా లెవెల్స్ తీసి, అక్కడి అరుగు మీద కూర్చున్నాను. పటేల్ పెద్దమనిషి, చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ తాగుతూ అడిగాను.

"పై గుంపు ఎంత పైకి ఉంటది పటేల్?"

ఆయన కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తి చూపించాడు. "గక్కడనే సార్. జర పైకి."

జర పైకి. ఆయన అబద్ధం చెప్పలేదు. నెత్తిన జొన్న మూట పెట్టుకుని దినానికి మూడుసార్లు ఎక్కి దిగే మనిషికి అది జరనే. చొప్పదండి వాడికి జర అంటే ఎంత? మోకాలెత్తు. మహా అంటే రెండు మీటర్లు. గెస్ట్ హౌస్‌కు వచ్చి, తడిసిన ప్యాంటు ఆరేసుకుని, నేను కాలు పెట్టని చోటుకు రెండు మీటర్లని పుస్తకంలో రాసేశాను. ఒక్క అంకె రాస్తే దొంగలా కనబడుతుందని అటూ ఇటూ నాలుగు అంకెలు కూడా కల్పించి రాశాను. చక్కటి దస్తూరి నాది. చూసినవాళ్లు ముచ్చటపడేవారు. థూ.

మా దగ్గర ఒక ఫిట్టర్ ఉండేవాడు. మెట్‌పల్లి సాయిబు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. పైపులు అతికించడంలో చేయి తిరిగినవాడు. నేల మీద బోర్లా పడుకుని పైపుకు చెవి ఆనించి, లోపల నీళ్లున్నాయా గాలి ఉందా చెప్పేవాడు. తప్పు చెప్పడం నేను చూడలేదు. ట్యాంకు కట్టడమైపోయి పై గుంపుకు పైపులు వేస్తున్నప్పుడు, సగం బాటలో ఆగి తల మీది టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"సాబ్, చడావ్ బాగున్నది, నిట్టనిలువు ఎక్కుడు. నీళ్లు గంత మీదికి ఎక్కయి. జర లెవెల్ ఇంకోపారి సూడున్రి."

"నువ్వు ఇంజనీరువా, నేను ఇంజనీరునా?" అన్నాను, పదిమంది కూలీల ముందు.

"మీరే సాబ్" అన్నాడు. టోపీ పెట్టుకుని పైపు అతికించాడు.

నీళ్లు వదిలిన రోజు కింది గుంపులో నల్లాలన్నీ ధారగా పోశాయి. పై గుంపులో ఒక్కటీ పోయలేదు. పదకొండు నల్లాలు పాముల్లా బుస్సుమన్నాయి, అంతే. అక్కడ ఒక ముసలామె ఉండేది. ఆమె, ఆమె భర్త ఆ గుంపుకు పెద్ద దిక్కు. ఆమె నల్లా కింద అరచెయ్యి పెట్టి, నా మొహం చూసి అంది.

"మంచిగనే వస్తుంది సారూ, గాలి. ఎండకాలం మస్తు పనికొస్తది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా తప్పు నాకు ఆ నిమిషమే అర్థమైంది. అప్పుడైనా ఆఫీసుకు పోయి, "సార్, లెవెల్ తీయలేదు, తప్పయింది, పైన ఇంకో చిన్న ట్యాంకు కావాలె" అని ఒప్పుకుని ఉంటే నాలుగు తిట్లతో పోయేది. ఒప్పుకోలేదు. పైపులో గాలి పట్టింది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని వాళ్లకు చెప్పి గుట్ట దిగాను.

పై గుంపు వాళ్లు అప్పటిదాకా ఏ నీళ్లు తాగేవారో చెప్పాలి. గుట్టకు వెనక దిక్కు ఒర్రె, అంటే చిన్న వాగు, ఉంది. వానలు తగ్గి ఒర్రె సన్నబడ్డాక, దసరా దాటగానే, పదకొండు ఇళ్ల వాళ్లూ వెళ్లి ఇసకలో చెలిమె తీసేవారు. ఊట ఎక్కడుందో ఆ ముసలి మొగుడూ పెళ్లాలే చూపించాలి. తడి ఇసక మీద కాలు పెట్టి చెప్పేవారట. నిలువు లోతు తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి, పశువులు రాకుండా ముళ్ల కంప కట్టేవారు. చెప్పులు విడిచే దిగాలి. ఆనిగెపుకాయ బుర్రతోనే ముంచాలి, బిందె ముంచకూడదు. మండు వేసవిలో కూడా అందులో నీళ్లు అద్దంలా ఉండేవి. దానికి ఒకటే షరతు. ఇసక తడిగా ఉన్న ఆ కొన్నాళ్లలోనే తీయాలి. ఆ అదను దాటితే ఊట ఎటు జారిందో ఎవరికీ దొరకదు.

సరిగ్గా ఆ అదనులోనే మా పెద్దసారు ఫోన్ చేశాడు. మా ఆఫీసులో నా పైవాడు. పైవాళ్ల ముందు పిల్లి, కిందివాళ్ల మీద పులి.

"రేపు పొద్దుమూకే లోపట ప్రతి నల్లా కాడ నీళ్లు పడుతున్న ఫోటో నాకు రావాలె. ఇంటి ఆడమనిషి పక్కన నిలబడాలె, నవ్వుతుండాలె."

"సార్, పై గుంపుకు నీళ్లు..."

"ఎట్ల తెస్తవో నాకు చెప్పకు. నాకు ఫోటో కావాలె."

నాకు చెప్పకు అన్నాడు చూడండి, అక్కడుంది వీళ్ల తెలివంతా. చెప్పకుండా చేసే వెధవ ఒకడు కావాలి. నేను దొరికాను.

గుట్ట వెనక నుంచి ఎడ్లబండి బాట ఒకటి పై గుంపుకు పోతుంది. ఆ బాటన ట్రాక్టర్ ట్యాంకర్ ఎక్కించాను. ఫిట్టర్ పైపు చివరి బిరడా తీసి, ట్యాంకర్ గొట్టం అందులో తగిలించాడు. ట్యాంకర్ పైన, నల్లాలు కింద. ఇంకేముంది, పదకొండు నల్లాలూ ధారలు కట్టాయి. పిల్లలు తడిసి గెంతారు. ముసలామె పెట్టెలోంచి కొత్త పచ్చచీర తీసి కట్టుకుంది. బిందె బూడిదతో తోమి తెచ్చింది. దోసిట పట్టి తాగి, "మా చెలిమె నీళ్లంత రుచి లేవు గని, మంచిగనే ఉన్నయి" అంది. నవ్వమని చెప్పే పని పడలేదు. ఆమే నవ్వింది. ఫోటో తీశాను.

ట్యాంకర్ ఇంటి వెనక ఉంది. ఆమె చూసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. చూసినా, పైపులు కడగడానికని అనుకుని ఉంటుంది. సర్కారు సారు అబద్ధం ఆడతాడని అనుకునే మనిషి కాదు. బిందె దించి అడిగింది.

"రేపు గూడ వస్తదా సారూ?"

"రోజు వస్తది అవ్వా. ఇగ ఒర్రెకు పోవుడే లేదు మీకు" అన్నాను.

ఆమె అడిగింది మొదటి మాట. రెండోది ఎవరూ అడగలేదు, నేనే దానం చేశాను. గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె భర్త లేచి వచ్చాడు. సన్నటి మనిషి, చెవులకు పోగులు. "ఐతె గీ ఏడు చెలిమె తియ్యుడు లేదన్నట్టేనా సారూ? ఎల్లుండి పోదామనుకున్నం" అన్నాడు.

"ఇంకెందుకే తాతా చెలిమె!" అని ఆయన భుజం తట్టాను. ఆ చెయ్యి పడిపోయినా బాగుండేది.

జీపులో తిరిగి వస్తుంటే ఫిట్టర్ ఊరు దాటేదాకా వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "పాపం తగుల్తది సాబ్" అన్నాడు. "పది దినాలల్ల పైన ట్యాంకు శాంక్షన్ చేపిస్త, ఫికర్ చెయ్యకు" అన్నాను. శాంక్షన్ ఎవరు చేస్తారు? ఫోటోల్లో నీళ్లొస్తున్న గూడేనికి ఇంకో ట్యాంకు ఎందుకు?

పది రోజులు నెలయ్యాయి, నెల నాలుగు నెలలయ్యాయి. వెళ్లినప్పుడల్లా "మోటర్ ఖరాబు, వచ్చే వారం" అనేవాణ్ణి. వాళ్లు ఆ వచ్చే వారం కోసం ఆగారు. అదను దాటిపోయింది. ఇసక ఎండింది. నల్లాలు వచ్చాయి కదా అని కింది గుంపులోని చేతిపంపును కూడా మావాళ్లు పీకేసి తీసుకుపోయారు. కాగితం మీద గూడెం నిండుకుండ మరి, వేసవి ట్యాంకర్ల పట్టీలోంచి కూడా పేరు కొట్టేశారు. మరోపక్క జైనూర్ చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. పచ్చచీర, తోమిన బిందె, ముసలామె నవ్వు.

ఎండలు ముదిరేసరికి కింది నల్లాలకు కూడా మూడు రోజులకొకసారి నీళ్లు. పై గుంపు ఆడవాళ్లు బిందెలతో దిగి వచ్చేసరికి కింది వాళ్లకే చాలేవి కావు. ఎంత మంచివాళ్లైనా తమ పిల్లలకు లేనిది పక్కవాడికి పోయలేరు కదా. ఇక పైవాళ్లకు మిగిలింది ఒర్రెలో పశువులు పడుకునే మడుగు. అదే గుడ్డతో వడగట్టి తాగారు.

వారం తిరగకుండా వాంతులు, విరేచనాలు. మొదట ముసలాయన, తర్వాత ఒకరి తర్వాత ఒకరు. ట్రాక్టర్ ఎక్కిన బండి బాటన అంబులెన్సు ఎక్కదు. ముసలాయన్ని మంచంలో వేసి, నలుగురు భుజాలకెత్తుకుని దించారు. నేను ఆనాడు ముసురని ఎక్కని బాటే అది. పటేల్ ఇంటి అరుగు దాకా వచ్చేసరికి ప్రాణం పోయింది. ఆ అరుగు మీదే నేను చాయ్ తాగింది.

మిగతావాళ్లు బతికారు. ఆసుపత్రి వాళ్లు వచ్చి బడి వరండాలో సెలైన్లు ఎక్కించారు. ఆ సంగతి పేపర్లో పడింది. పడ్డాక మా పెద్దసారుకు ఆ గూడెం గుర్తొచ్చింది. ఎంక్వైరీకి బయల్దేరి వచ్చాడు. మధ్యలో మూడు చోట్ల కూర్చుని, నీళ్ల సీసా ఖాళీ చేసుకుంటూ గుట్ట ఎక్కాడు. వెనక నేను, ఫిట్టర్.

పైన మేం కట్టించిన మరుగుదొడ్లు ఉన్నాయి. నీళ్లు లేవు కనుక ఎవరూ వాడలేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, తాగడానికి చుక్క లేనిచోట అందులో పోయడానికి బకెట్లెక్కడివి? కట్టెలు పేర్చుకున్నారు. ముసలామె ఇంటి పక్కదానికి తలుపు కూడా లేదు, బిగించిన నెలకే ఊడిపోయింది. కట్టెలు తడవకుండా తలుపుకు బదులు ఒక ఫ్లెక్సీ వేలాడదీశారు. చౌరస్తాలో దించేశాక పాత గుడ్డగా ఎవరో తెచ్చుకున్నారు. దాని మీద ముసలామె నిలువెత్తున, బిందె పక్కన నవ్వుతోంది. అసలు ముసలామె గడప మీద మొగుడి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

పెద్దసారు ఆ కట్టెలు చూశాడు. "సూసిన్రా? సర్కారు దొడ్డి కట్టిస్తె కట్టెలు పెట్టుకున్నరు. నల్లా పెడ్తె ఒర్రెకు పోయిన్రు. గీళ్లకు అవగాహన లేదయ్యా. రాసుకో."

గడప మీది నుంచి ముసలామె అంది. "ఆ నల్లా తిప్పి సూడున్రి సారూ."

ఆయన నల్లా వైపు చూడలేదు. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాడు.

"సూసినం అవ్వా. ఫోటోల సూసినం."

మూడడుగుల దూరంలో ఉంది నల్లా. వంగి తిప్పితే చాలు. ఆయన వంగలేదు. ఆయన్ని అనేముంది, నేను పక్కనే ఉన్నాను, నేనూ వంగలేదు.

కిందికి వచ్చి బడి వరండాలో కూర్చుని ఆయన చెబుతుంటే నేను రాశాను. 'నల్లా నీరు అందుబాటులో ఉన్నప్పటికీ, అవగాహన లోపము వలన, పాత అలవాటు చొప్పున ఒర్రె నీటిని త్రాగుట చేత' అని ఒక వాక్యం. 'సదరు వృద్ధుడు వయోభారము వలన మరణించియున్నాడు' అని ఇంకొకటి. ముత్యాల్లాంటి అక్షరాలు. కింద సంతకం పెట్టాను. సాక్షిగా ఫిట్టర్‌ను పెట్టమన్నారు. కాగితం అతని ముందుకు జరిపాను.

"నాకు సంతకం రాదు సాబ్" అన్నాడు.

అతను ఉర్దూలో ఎంత అందంగా రాస్తాడో నాకు తెలుసు. హాజరు పట్టీలో రోజూ చూసేవాణ్ణి.

"ఏలి ముద్ర వెయ్యి" అన్నాడు పెద్దసారు.

"ఏలికి గాయమైంది సాబ్." చెయ్యి లుంగీ మడతలో దాచుకున్నాడు.

పెద్దసారు విసుక్కుని, డ్రైవర్ చేత సాక్షి సంతకం పెట్టించుకుని జీపెక్కాడు. దుమ్ము తగ్గాక ఫిట్టర్ పనిముట్ల సంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"అవగాహన ఎవలకు లేదు సాబ్? ఆ ముసలామెకు ఇసుకల ఊట యాడుందో ఎరుకే. నీళ్లు ఎట్ల దాసుకోవాల్నో ఎరుకే. నీళ్లు గుట్ట ఎక్కయన్న సంగతి మనకే ఎరుక లేకపాయె. గలత్ మనది, పేరు ఆళ్లదా? ట్యాంకర్ గొట్టం పెట్టిన చేతులు నాయి. గందుకే సిగ్గయితుంది, లేకుంటె ఇంక మస్తు అందును."

పదిమంది ముందు అతన్ని నేను నోరు మూయించాను. అతను నాకు ఒంటరిగా చెప్పాడు. ఆ తేడా నాకు తగలాల్సిన చోట తగిలింది.

మరునాడు పొద్దున నేనే అతన్ని బతిమాలి వెంటబెట్టుకుని గూడెం వెళ్లాను. మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి తెల్ల పైపు చుట్టలు కొన్ని తీసుకున్నాం. అన్నీ కలిపి అతికించి నీళ్లు నింపితే, రెండు కొసలా నీళ్లు ఒకే ఎత్తున నిలబడతాయి. ఒక కొస ట్యాంకు నిచ్చెనకు, నీళ్లు నిండే గీత దగ్గర ఫిట్టర్ కట్టాడు. రెండో కొస పట్టుకుని నేను గుట్ట బాట ఎక్కాను. మా అలికిడికి పై గుంపు వాళ్లు దిగి వచ్చారు. ముసలామె ముందుకు వచ్చి, కొస తన చేతిలోకి తీసుకుంది. ఎందుకో అడగలేదు.

ఆమె కొస ఎత్తితే పైపులో నీళ్లు కిందికి జారాయి. దించితే పైకొచ్చాయి. నీళ్లు కొస అంచున నిలబడిన చోట, బాట పక్క మోదుగు కొమ్మకు నేను ఎర్రగుడ్డ కట్టాను. ఆ గుడ్డకు పైన ఇంకా బాట ఉంది, బాట పైన బండలు, బండల పైన ఎక్కడో ఆ పదకొండు ఇళ్ల కప్పులు. కరెంటు స్తంభం మీద స్తంభం, దాని మీద ఇంకో స్తంభం నిలబెడితే గానీ అందనంత ఎత్తు. నా పుస్తకంలో రెండు మీటర్లు.

ముసలామె గుడ్డను చూసింది, ఇళ్లను చూసింది.

"నీళ్లు గీడిదాకనేనా సారూ ఎక్కేది?"

"గీడిదాకనే అవ్వా."

"గీ సంగతి మీకు ఇయ్యాల్నే ఎరుకైందా? ఫోటో తీసిన్నాడు ఎరుక లేదా?"

నా పక్కన ఫిట్టర్ వచ్చి నిలబడ్డాడు. పటేల్ ఉన్నాడు. అందరూ ఉన్నారు. ఎంత కాదనుకున్నా నోటి చివర 'లేదు' అనే మాటే ఉంది. మింగాను.

"ఎరుకే అవ్వా."

ఆమె పైపు కొస వదిలేసింది. అందులో నీళ్లన్నీ బాట మీద పారిపోయాయి.

"ఎరుకుండి మా ముసలోనికి చెలిమె వద్దంటివా? నీళ్లు రావని ఒక్క మాటన్న చెప్తివా నువ్వు! రావంటె మా తిప్పలు మేం పడకపోదుమా? ఎన్నేండ్లకెల్లి పడలేదు? నల్లా లేకుంటె సావలేదు మేము. నీ మాటకు సచ్చిండాయన, నీ మాటకు!"

అప్పటిదాకా సారూ అన్న మనిషి నువ్వు అంది. అదే న్యాయం. నేను నిలబడి విన్నాను. ఆమె ఏడుస్తూ ఎక్కిపోయింది.

ఆ రోజే కూర్చుని ఇంకో కాగితం రాశాను. పై గుంపు లెవెల్స్ నేను తీయలేదనీ, కల్పించి రాశాననీ, ఫోటోల్లో నీళ్లు ట్యాంకర్‌వనీ, ముసలాయన చావుకు వయసు కారణం కాదనీ. ఫిట్టర్ అడక్కుండానే కింద సాక్షి సంతకం చేశాడు, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో. పెద్దసారు ఆ కాగితం చదివి, "పిచ్చి లేసిందా నీకు? నీ మెడకు నువ్వే తాడేసుకుంటవా, నాకు గూడ ఏస్తవా?" అని అరిచాడు. నాకు చార్జి మెమో ఇచ్చారు. కరీంనగర్‌లో పాత ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

దీన్ని ధైర్యం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ధైర్యమా? పైగా ఆ చేతులు నావి కావు, కాలింది ఇంకొకరి ఇల్లు. ఆ ఫైలులో ఇప్పటికీ రెండు కాగితాలూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 'అవగాహన లోపము' అన్నదాని మీదా నా సంతకమే, 'తప్పు నాది' అన్నదాని మీదా నా సంతకమే. మీలో ఎవరైనా ఆ మాట రాయబోతుంటే, అవగాహన లోపం అని, ఒక్క నిమిషం కలం ఆపండి. లేచి వెళ్లి ఆ నల్లా తిప్పండి. వంగాల్సి వస్తుంది, వంగండి. నడుము విరగదు.

నేను ఫైళ్ల గదిలో ఉండగానే నా స్థానంలో ఎవరో ఒకతను వచ్చాడట. అతను గుట్ట ఎక్కాడట. ఇందులో వింతేమీ లేదు, జీతం దానికే. రెండో కాగితం పట్టుకుని తిరిగి, పైన చిన్న ట్యాంకు, నీళ్లు ఎక్కించడానికి ఇంకో మోటరు పెట్టించాడని విన్నాను. నేను వెళ్లి చూడలేదు. మొహం చెల్లలేదు.

చివరికి పోయినేడు ఫిట్టరే మెట్‌పల్లి నుంచి ఫోన్ చేశాడు. "సాబ్, మోకాళ్లు పోకముందే ఒకపారి పోయొద్దాం పా" అన్నాడు. దసరా వెళ్లిన వారానికి ఇద్దరం బయల్దేరాం. ఒకరి భుజం ఒకరం పట్టుకుని గుట్ట ఎక్కాం. మోదుగు చెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాం. గుడ్డ ఎప్పుడో పోయింది.

పైన పదకొండు నల్లాలూ ఒక్కొక్కటే తిప్పాను. పదకొండూ పోశాయి. ఫిట్టర్ మాత్రం నమ్మకుండా, ఆ వయసులో నేల మీద పడుకుని పైపుకు చెవి ఆనించాడు. లేచి తల ఊపాడు. మరుగుదొడ్లకు తలుపులున్నాయి, లోపల బకెట్లున్నాయి. ఒకదాని ముందు చెప్పులు కూడా విడిచి ఉన్నాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ముసలామె ఏదని అడిగితే, ఒర్రె దిక్కు చూపించారు.

ఒర్రెలో పదిమంది దాకా ఉన్నారు. చెలిమె తీస్తున్నారు. గట్టు మీద చెప్పుల వరస, పక్కన కోసి పెట్టిన ముళ్ల కంప. ముసలామె బాగా వంగిపోయింది. తడి ఇసక మీద కాలు ఆనించి, ఎక్కడ తవ్వాలో చూపిస్తోంది. నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు, రమ్మనీ అనలేదు. కాసేపయ్యాక అప్పుడే తేరిన నీళ్లు బుర్రతో ముంచి, ముందు ఫిట్టర్‌కు, తర్వాత నాకు ఇచ్చింది. నిజంగానే మా నల్లా నీళ్లకు ఆ రుచి లేదు.

"నల్లాలు రోజు వస్తున్నయట గద అవ్వా. ఇగ గీ కష్టమెందుకు?" అన్నాను.

"వస్తున్నయి సారూ. మంచిగనే వస్తున్నయి" అంది. నా చేతిలోంచి బుర్ర తీసుకుని, అడుగున మిగిలిన చుక్కలు కూడా పారబోయకుండా చెలిమెలోనే వంచింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"మళ్ల ఎవలన్న వచ్చి ఫోటో తీసుకపోతె?"